గడి లేని బజారు

నా చిన్నప్పుడు మా ఊళ్లో చెప్పులు కాళ్లకు ఎంతసేపు ఉండేవో చేతుల్లోనూ అంతసేపు ఉండేవి. ఊరి నడుమ దొర గడి, పెద్ద దర్వాజా ఉన్న కోటలాంటి ఇల్లు. దాని ముందు నుంచి పోయే రైతు ఎవడైనా సరే, చెప్పులు విడిచి చేత పట్టుకుని, తల వంచుకుని పోవాలి. మా బాపు ఒకసారి ఏదో ధ్యాసలో మరిచిపోతే, ఆ చెప్పులే నెత్తిన పెట్టి మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టారు. అప్పటి నుంచి మా అమ్మ నాకు అక్షరాల కంటే ముందు చెప్పులు విడవడం నేర్పింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బోధన్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీ లేస్తోందని జనం చెప్పుకునే రోజులవి. మా తాత నాకు కొత్త చెప్పులు కుట్టించి, నిజామాబాద్ చూపిస్తానన్నాడు. తెల్లారకముందే బండెక్కితే పొద్దెక్కేసరికి పట్నం చేరాం. అమ్మేదీ లేదు, కొనేదీ లేదు, ఊరికే నడిచాం. స్టేషన్ దగ్గర టాంగావాళ్ల కేకలు, పసుపు బస్తాల మధ్య మరాఠీలో బేరాలు. హోటల్లో ఒక పోలీసు జవాను మా పక్కనే బల్ల మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ తాగాడు. మేం లేచి నిలబడలేదు, ఆయన లెమ్మనలేదు. బజారులో ఎవరూ ఎవరి కాళ్ల వంకా చూడటం లేదు.

అంతలో ఒక బట్టల సేటు ఇల్లు వచ్చింది. రెండంతస్తులు, పెద్ద దర్వాజా, పైన కమాను. నేనేమీ ఆలోచించలేదు. వంగి చెప్పులు విడిచి, చేత పట్టుకుని, తల దించుకుని నడిచాను. ఎదురుగా పూలమ్మే ఆమె పకపకా నవ్వింది. తాత వెనక్కి తిరిగాడు. ఆయన ముఖం చూసి, కొడతాడనే అనుకున్నాను.

"ఎందుకు ఇడిసినవ్‌రా?"

"దర్వాజ పెద్దగున్నది తాతా."

తాత అందరూ చూస్తుండగా నేల మీద కూలబడి, నా మడమ పట్టుకుని చెప్పు తొడిగాడు.

"గిది సేటు ఇల్లురా. పెద్ద దర్వాజ ఉన్నకాడల్లా దొర ఉండడు. నేను గిట్లనే అయిన, మీ బాపు గిట్లనే అయిండు. నువ్వు గావద్దు. నడువు."

నడిచాను. ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి మళ్లీ నా చెయ్యి కాలి మీదికి పోయింది. వెనక్కి తీసుకుపోయి మళ్లీ నడిపించాడు. కొత్త తోలు ఒరుసుకుని కాళ్లు బొబ్బలెక్కాయి. మిఠాయి కొనివ్వకుండా ఇదేం పట్నం చూపించడమని ఆయన మీదే కోపమొచ్చి ఏడ్చాను. అయినా వదల్లేదు. చివరికి ఆ దర్వాజాను చూస్తూనే, తలెత్తుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ దాటాను. పూలామె కూడా నవ్వడం మానేసింది.

సాయంత్రం మా ఊరి పొలిమేరలో బండి దిగాం. తాత తన చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. నాకు కళ్లు తిరిగేంత కోపమొచ్చింది.

"నేను ఇడువ," అన్నాను.

"ఇడువు బిడ్డా. మీ బాపును సూసిన. నిన్ను గూడ గట్ల నిలవెడితే సూడలేను."

పొద్దున తొడిగిన చేతులతోనే నా చెప్పులు విప్పాడు. గడి ముందు ఇద్దరం ఒట్టి కాళ్లతో నడిచాం. నేను మాత్రం తల వంచలేదు. వంచమని తాత చెప్పలేదు, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆ గడి ఎప్పుడో కూలిపోయింది. నా కోపం కూలలేదు, కూలాలని నేనూ కోరుకోలేదు. గుడి ముందు చెప్పులు విడుస్తాను, అది నా ఇష్టం. కానీ ఈ వయసులోనూ ఏదైనా ఎత్తైన గేటు ఎదురైతే కాలి వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. అప్పుడొక్క క్షణం ఆగుతాను. మడమ మీద తాత చెయ్యి తగులుతుంది. చెప్పు కాలితోనే దాటుతాను.