బోణీ బేరానికి వచ్చిన ఆయా

మా అక్కకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయినప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట గట్టిగా చెప్పాడు. కాలూ చెయ్యీ సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు, ముందు గొంతు చూసుకోండి అన్నాడు. మింగేటప్పుడు మెతుకు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ ఆసుపత్రే. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం దించాలి, సగం చెంచాయే పెట్టాలి, మింగాక నోరు తెరిపించి చూడాలి. అప్పుడే రెండో చెంచా.

అది నేను నేర్చుకున్నాను. కాని గోల్ బజార్లో మాకొక గాజుల కొట్టుంది. నాన్న పోయాక మేమిద్దరమే నడిపాం. గల్లాపెట్టె దగ్గర అప్ప, గిరాకీల దగ్గర నేను. అక్కను మా ఇళ్ళలో అప్ప అనే అంటాం. ఇప్పుడు ఆ కొట్టు మూస్తే ఇద్దరికీ తిండి లేదు, తెరిస్తే అప్పకు తినిపించే మనిషి లేదు.

ఇలాంటి ఇళ్ళకు మనిషిని పంపే చోటును మా ఖరగ్‌పూర్‌లో ఆయా సెంటర్ అంటారు. నేను అక్కడికి బయల్దేరిన తీరు చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. బేరమాడకుండా నేను కొత్తిమీర కట్ట కూడా కొనను. అప్పను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేరోజు టోటో అనే బ్యాటరీ రిక్షావాడితో తగువు పడుతుంటే, అప్పటికింకా నోట మాట కూడా సరిగ్గా రాని మనిషి, ఎడమ చేత్తో నా కొంగు లాగి ఎక్కమంది.

షట్టర్ ఎత్తగానే వచ్చిన మొదటి గిరాకీని ఏ కొట్టువాడూ వట్టి చేతులతో పంపడు. ఆ పట్టింపు బెంగాలీలకూ ఉంది. అందుకని సెంటర్ తాళం తీసే వేళకే నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఇంకా అగరొత్తి కూడా వెలిగించలేదు దీదీ," అన్నాడు మేనేజరు.

"అందుకే వచ్చాను దాదా. బోణీ నాది. వెనక్కి పంపుతారా మరి?"

అతను నవ్వాడు. నేను అడిగిన దానికి కొంచెం ఎక్కువ, అతను చెప్పిన దానికి బాగా తక్కువ దగ్గర బేరం తెగింది. "ఠీక్ హై దీదీ, ఇప్పుడే పంపుతాను," అన్నాడు. నేను ఖరగ్‌పూర్ జంక్షన్‌ను ప్లాట్‌ఫారాలతో సహా కొనేసినట్టు నడుచుకుంటూ ఝపటాపూర్‌లోని మా ఇంటికి వచ్చాను. నా వెనకే ఆయా కూడా వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు, శుభ్రంగా ఉంది, నమస్కారం పెట్టింది. తినిపించే పద్ధతంతా చెప్పి కొట్టుకు వెళ్ళాను.

మధ్యాహ్నం మనసు ఆగక కొట్టు మూసి వచ్చేసరికి అప్ప దగ్గు వీధిలోకి వినబడుతోంది. లోపల అప్ప దిండు మీద సగం వాలి ఉంది. కళ్ళలో నీళ్ళు, మొహమంతా ఎర్రగా. పక్కన కుర్చీలో ఆ పిల్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది. అప్పను లేపి కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, నోట్లో మిగిలిన అన్నం వేలితో తీశాను. ఊపిరి సర్దుకునేదాకా వీపు నిమిరాను.

అరవబోయాను. ఆ పిల్లే ముందు ఏడ్చింది. "రాత్రంతా వేరే ఇంట్లో డ్యూటీ దీదీ. పొద్దున్న దిగి సెంటర్‌కు వస్తే దాదా తిన్నగా ఇటు పంపేశారు."

నాకు అప్పుడు వెలిగింది. తాళం తీసే వేళకు సెంటర్లో దొరికేది రాత్రి డ్యూటీ దిగిన మనిషే. గాజులు రాత్రంతా అలమరలో పడుకుంటాయి. మనుషులు పడుకోరు. నేను తెలివిగా బోణీ చేసి, ఊళ్ళో అందరికన్నా అలిసిపోయిన మనిషిని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ పిల్లకు అన్నం పెట్టి టోటో ఎక్కించాను, బేరమాడే. మేనేజరుకు ఫోన్ చేస్తే, "ఆ రేటుకు ఇంకేం వస్తుంది దీదీ," అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. అప్ప మాత్రం, "కొట్టు... కొట్టుకి ఎల్లు," అంటూనే ఉంది.

"మంచి మనిషి దొరికినదాకా ఎల్లను. నీ గొంతు మీద యాపారం సెయ్యలేను," అన్నాను.

హోల్‌సేల్‌వాడు చూపించే గాజు ఎప్పుడూ బాగానే ఉంటుంది. పగిలితే ఏం చేస్తావో చెప్పు అని అడగాలి. అదే పట్టుకుని ఊరు తిరిగాను. ఒకచోట ఫోన్లో యూనిఫారాల ఫోటోలు చూపించారు. "మీ మనిషి రాని రోజు ఎవరొస్తారు?" అన్నాను. "మా దగ్గర అలా జరగదు దీదీ," అన్నారు. పగలని గాజులమ్మేవాణ్ణి నేనింతవరకు చూడలేదు, లేచి వచ్చేశాను. ఇంకోచోట "ఎవర్నో ఒకర్ని పంపేస్తాం," అన్నారు. ఆ ఎవరో ఒకరినే కదా నేను చూసింది. మరో సెంటర్ ఎదురుగా టీ కొట్లో సాయంత్రం కూర్చుని, డ్యూటీ మారే వేళ బయటికొచ్చే ఆయాలను పలకరించాను. ఒక్కరికీ రేపు ఏ ఇంటికి వెళ్తారో తెలియదు.

చివరికి ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పక్కన, అద్దె గదిలో నడిచే ఒక సెంటర్‌కు వెళ్ళాను. నడిపే ఆవిడ రైల్వే వర్క్‌షాపు కుటుంబంలో పుట్టిన తెలుగు మనిషి, చాలా ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసింది. బేరానికి ముందు ఎదుటి మనిషిని చుట్టం చేసుకోవడం నా అలవాటు.

"వదినా, మనం మనం తెలుగోళ్ళం..."

"వదినా అంటే రేటు తగ్గదమ్మా. పేషెంటు ఏటి తింతన్నారు, అది సెప్పండి."

చెప్పాను. అంతా విని, "మనిషిని పంపేముందు నానొచ్చి మీ ఇల్లు సూడాల," అంది.

"మా ఇల్లెందుకు? పిల్లనిస్తన్నారేటి?"

"అంతకన్నా ఎక్కువే. పిల్లనిస్తే పుట్టింటికొచ్చి సెప్పుకుంటాది. ఆయాలు సెప్పుకోరు, మానేస్తారు."

మర్నాడు వచ్చింది. మంచం ఎత్తు చూసింది, బాత్‌రూంలో నేల జారుతుందేమో కాలితో రాసి చూసింది, ఆయా ఎక్కడ కూర్చుని తింటుందని అడిగింది. ఇన్నాళ్ళూ నేను సెంటర్లను తూకం వేస్తున్నాననుకున్నాను, ఈవిడ నన్నే త్రాసులో కూర్చోబెట్టింది. తర్వాత నన్నొదిలేసి అప్ప వైపు తిరిగి, "ఎలా పెడితే మీకు బాగుంటాది అప్పా?" అంది.

"నెమ్మ... దిగా," అంది అప్ప. ఆ మాట అప్పను అడగమని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

"గిన్నెలు తోమడం మా మనిషి పని కాదు," అంది ఆవిడ నాతో.

"రెండు గిన్నెలే కదా."

"రెండే అయితే మీరే తోమేసుకోండి."

అప్ప నోరు ఎడమ పక్కకు సాగింది. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు.

నా ప్రశ్న అడిగాను. "ఆయా రాని రోజు?"

"సెలవైతే ముందు రోజు సాయంత్రమే ఇంకో మనిషి వచ్చి సూసుకుని ఎల్తాది. ఉన్నట్టుండి మానేస్తే నానే వస్తాను. అదీ కుదరలేదనుకోండి, ఫోన్ సేసి సెప్పేస్తాను, కొట్టు తెరవకండని."

ఆ చివరి మాటకే ఒప్పుకున్నాను. సరుకు లేనప్పుడు లేదని చెప్పే వ్యాపారిని వదులుకోకూడదు. అయినా నోరు ఊరుకోక ఒక షరతు పెట్టాను. "నాను సెప్పాపెట్టకుండా ఎప్పుడైనా వచ్చి సూస్తాను."

"రండి. రాకపోతేనే నాకు అనుమానం."

వచ్చిన ఆయా నడివయసు బెంగాలీ ఆవిడ. నేను కళ్ళజోడు మర్చిపోయానని ఒకసారి, తాళాలు మర్చిపోయానని ఇంకోసారి ఇంటికి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఎప్పుడొచ్చినా అప్ప నిటారుగానే ఉండేది. కొన్నాళ్ళకు నన్ను చూడగానే ఆయా, "ఇవాళ ఏం మర్చిపోయారు దీదీ?" అనడం మొదలుపెట్టింది.

అసలు పరీక్ష ఆవిడకు సెలవు కావలసి వచ్చినప్పుడు. ముందు రోజు సాయంత్రం సెంటర్ నడిపే ఆవిడ చెప్పినట్టే ఇంకొకావిడను వెంటబెట్టుకొచ్చింది. కొత్తావిడ అప్ప తిన్నంతసేపూ పక్కన కూర్చుని చూసింది. అన్నం ఏ చెంపలో ఆగుతుందని అడిగింది. కుడి చెంపలో అని చూపించింది పాతావిడ. చివరి నాలుగు చెంచాలు కొత్తావిడ తనే పెట్టి చూసుకుని వెళ్ళింది.

అయినా తెల్లారి నేను కొట్టుకు వెళ్ళలేదు. బీరువా సర్దుతున్నట్టు నటిస్తూ గుమ్మం దగ్గరే తచ్చాడాను. ఆవిడ అప్పను కూర్చోబెట్టి, వీపు వెనక దిండు దూర్చి, గడ్డం దించింది. సగం చెంచా. మింగింది. నోరు తెరిపించి కుడి చెంప చూసింది. మళ్ళీ సగం చెంచా. మధ్యలో అప్ప మూతి బిగించింది. ఆవిడ బలవంతపెట్టలేదు, గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. కాసేపటికి అప్పే నోరు తెరిచింది. ఒక్కసారీ పొలమారలేదు.

అప్ప చూపు నా మీద పడింది. "కొట్టు," అంది.

"ఎల్తానప్పా. ఇంకో రెండు సెంచాలు సూసి ఎల్తాను."

"ఎ... ల్లు."

ఆవిడ ఇంకో సగం చెంచా పెట్టింది. అప్ప మింగింది. నోరు తెరిపించి చూసింది, ఖాళీగా ఉంది. నేను చెప్పులేసుకున్నాను.