పిచ్చుక కోసం బొమికల సూపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ పూర్తయి, రేపల్లెలో ఓ రైసు మిల్లు ఆఫీసులో ఉద్యోగం దొరికి, కొత్తగా కొన్న స్మార్ట్ ఫోను జేబులో ఉంటే ఇరవై మూడేళ్ళవాడికి ఇంకేం తెలియాలి? ఇప్పుడు తెనాల్లో ఇద్దరు పిల్లల తండ్రిగా, ఏ విషయమైనా మా ఆవిడని రెండుసార్లు అడిగి గానీ పైకి అనడం లేదు. మధ్యలో ఏం జరిగిందంటారా? సూపు జరిగింది.

ఉద్యోగం రేపల్లె కాబట్టి మకాం అక్కయ్య ఇంట్లో. తిండికీ మంచానికీ బదులుగా నాకప్పగించిన పని ఒక్కటే, రోజూ అన్నం వార్చడం. మా బావకి కుక్కరన్నం సయించదు. ("అది అన్నం కాదోయ్, గోడకి పూసుకునేది" అనేవాడు.) ఉడికిన గిన్నె మీద చిల్లుల సిబ్బి మూతపెట్టి, మసిగుడ్డతో అంచులు పట్టుకుని, పెరటి గుమ్మం పక్కనున్న కుడితి బకెట్టులోకి గంజి ఒంపేయాలి. సాయంత్రం పాలావిడ వచ్చి ఆ బకెట్టు తన గేదెకి పట్టుకుపోయేది. మెతుకు జారకుండా, చుక్క మిగలకుండా వారుస్తానని ఆ ఇంట్లో నాకు మంచి పేరు. ఉన్నది ఆ ఒక్కటే కాబట్టి బాగా గుర్తుంది.

మా మేనకోడలికి అప్పుడు ఏడేళ్ళు. కంచం ముందు కూర్చుని గింజలు ఏరుకున్నట్టు తినేది కాబట్టి అందరం పిచ్చుక అనేవాళ్ళం. ఆ వానాకాలంలో దానికి జ్వరం వచ్చి, తగ్గి, పోతూ పోతూ ఉన్న కాస్త కండా పట్టుకుపోయింది. చూడ్డానికి చెరుకుపల్లి నుంచి అక్కయ్య అత్తగారు వచ్చారు. పిల్ల చేతి గాజుని వేలితో పైకి తోశారు. అది ఎక్కడా ఆగకుండా మోచెయ్యి దాటి వెళ్ళింది. "వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానమ్మాయ్. అప్పటికీ ఇలాగే ఉంటే నాతో తీసుకెళ్ళి అక్కడి బళ్ళోనే వేస్తా" అన్నారు. బావ తల్లికి ఎదురుచెప్పే మనిషి కాదు. ఆవిడ బస్సెక్కాక అక్కయ్య, పిల్ల బట్టలు బీరువాలోంచి తీసి మళ్ళీ మడతపెట్టింది. అవి అంతకుముందే మడతపెట్టి ఉన్నాయి.

అది చూడలేక ఫోను తీశాను. పిల్లల బలానికి మేక బొమికల్ని సన్నసెగ మీద ఎనిమిది గంటలు మరిగించి ఆ రసం తాగించాలని ఫోను చెప్పింది.

"ఆదివారం సంగతి నాకొదిలెయ్యక్కా" అన్నాను.

"నీకా?" అంది అక్కయ్య. ఆ ఒక్క ముక్కలో నా జీవితచరిత్రంతా ఉంది.

ఆదివారం తెల్లారేసరికి మాంసం కొట్టుకి వెళ్ళి, మూలగ ఉన్న కాలి బొమికలు కొట్టించుకొచ్చి, పసుపు, అల్లం, మిరియాలు, చెంచాడు వెనిగరు వేసి, సరిగ్గా ఆరింటికి పొయ్యెక్కించాను. బావ వంటింట్లోకి తొంగిచూసి, "ఏంటోయ్, జ్వరం పిల్లకా, బొమికలకా? అలా కాపడం పెడుతున్నావ్?" అన్నాడు. పిచ్చుక గంటకోసారి వచ్చి "అయిందా మావయ్యా?" అనేది. "గ్లాసు మొత్తం తాగుతా, నాన్నమ్మ చూస్తుండగా" అని మాటిచ్చింది. గిన్నెకేసి చూస్తూ, "నాన్నమ్మ మంచిదే మావయ్యా. అక్కడ అమ్మ ఉండదుగా" అంది.

మధ్యాహ్నానికి రసం తేనె రంగుకి తిరిగింది. నోట్లో వేసుకుంటే పెదాలు అతుక్కుంటున్నాయి. అక్కయ్య చెంచాతో రుచి చూసి, "ఒరేయ్, బాగుందిరా" అంది. అక్కయ్య నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెచ్చుకోలు పావుగంట బతికింది.

రెండింటికి, ఇక వడకట్టడమొక్కటే మిగిలిందనగా గేటు చప్పుడైంది. "అత్తయ్యగారొచ్చారు, తొందరగా కానియ్!" అని అక్కయ్య కేక. కంగారులో నా బుర్ర ఆగిపోయింది గానీ చేతులు ఆగలేదు. సిబ్బి మూతపెట్టాయి. మసిగుడ్డ అందుకున్నాయి. పెరటి గుమ్మం దగ్గరికి నడిపించాయి. కుడితి బకెట్టులోకి, చివరి చుక్క దాకా, అలవాటు కొద్దీ రెండుసార్లు విదిల్చి మరీ వార్చేశాయి. మూత తీస్తే బొమికలు పొడిపొడిగా ఉన్నాయి. అదే అన్నమైతే మల్లెపువ్వుల్లా ఉందనేవాళ్ళు.

నేనింకా తేరుకోకముందే అందరూ వంటింట్లోకి వచ్చేశారు. "సూపేదబ్బాయ్?" అన్నారు అత్తగారు.

"వార్చేశానండి."

"ఎక్కడికి?"

"కుడితిలోకండి."

అక్కయ్య నా వంక చూసిన చూపు గురించి రాయను. పిచ్చుక మాత్రం పెరట్లోకి పరిగెత్తి, బకెట్టులోకి వంగి, "పైనే తేలుతోంది మావయ్యా, ముంచుకు రానా?" అని అరిచింది. (అందులో పొద్దుటి గంజి, బీరకాయ తొక్కులు, పులిసిపోయిన దోసెల పిండి కూడా ఉన్నాయి.) అరిచి, నా మొహం చూసి నవ్వడం మొదలెట్టింది. పొట్ట పట్టుకుని, గుమ్మంలో కూలబడి నవ్వింది. జ్వరం తగ్గాక అది అలా నవ్వడం అదే మొదటిసారి. అత్తగారు కాసేపు పెదాలు బిగించి చూశారు, వల్లకాలేదు.

తర్వాత కొంగు బొడ్లో దోపి, నన్ను పక్కకి తప్పుకోమని, ఆ బొమికలతోనే టమాటాలు, చింతపండు వేసి పులుసు పెట్టారు. పిచ్చుక ముద్దముద్దకీ "వార్చేశానండి" అనుకుంటూ, నవ్వుకుంటూ, రెండోసారి అన్నం పెట్టించుకుంది. అత్తగారు దాని కంచమే చూస్తూ, "పిల్ల ఇక్కడే ఉంటుందిలే అమ్మాయ్" అన్నారు. నాకేసి తిరిగి, "ఈయన వంటచేసే ఇంట్లో దాన్నొక్కదాన్నీ వదల్లేను. దసరా దాకా నేనే ఉంటా" అన్నారు. అలా నా మంచం ఆవిడదైంది, నేను వరండాలోకి మారాను. అక్కయ్య నా దుప్పటి తనే మడతపెట్టి తెచ్చిచ్చింది. పాలావిడ మాత్రం మర్నాడు, "గేదె బకెట్టు వాసన చూసి నా మొహం చూసింది బాబూ" అని వాపోయింది.

ఇప్పుడు మా పిల్లలకి జలుబు చేస్తే సూపు నేనే పెడతాను. మా ఫ్లాటుకి పెరటి గుమ్మం లేదు, కుడితి బకెట్టు లేదు. అన్నం కుక్కరే వండుతుంది కాబట్టి మా పిల్లలకి గంజి అంటే చొక్కాలకి పెట్టేది. బాపట్లలో చదువుకుంటున్న పిచ్చుక, ఇప్పుడు నాకంటే ఎత్తు, సెలవు దొరికితే రైలెక్కి మా ఇంటికి వస్తుంది. నేను సిబ్బి అందుకోగానే హాల్లోంచి, "మావయ్యా, కింద గిన్నె పెట్టావా?" అంటుంది.

"పెట్టానే తల్లీ" అంటాను. ఒకసారి వంగి చూసుకున్నాకే అంటాను.