బర్రెకు పోసిన మంచినీళ్లు

మాది మర్రిగూడ దిక్కున చిన్న ఊరు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందనీ, పళ్లకు గార పట్టించి ఎముకలు వంచుతుందనీ మాకు ఎరుకే. మా అన్న చివరి దినాల్లో తలెత్తి ఆకాశం చూడలేకపోయాడు. అయినా ప్రత్యేక రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా పెట్టి కృష్ణా నీళ్లు వదిలితే, నా భార్య మొదటి గుక్కే వాకిట్లో ఉమ్మింది.

"థూ! సప్పగున్నయి. మందు వాసన. గివి బర్రెకు పొయ్యి."

బర్రెకే పోశాం. మనుషులకు బోరు బిందె, పశువుకు నల్లా. వాడకట్టంతా ఇదే వరస.

"మీ బర్రె పండ్లు సినిమా హీరోయిన్ లెక్క మెరుస్తున్నయి, అక్కా!" అంది పక్కింటామె. ఇద్దరూ గార పళ్లు బయటపెట్టి నవ్వుతుంటే నేను మొహం తిప్పుకున్నాను. నాకూ నల్లా నీళ్లు దిగేవి కావు. రోజూ ముక్కు మూసుకుని తాగి, "నేడు కూడా డోకు వచ్చింది" అని డైరీలో రాసేవాణ్ని.

అప్పుడే మనవరాలికి పాలు మాన్పించారు. కోడలు కూలికి పోతే పాప మా దగ్గరే ఉండేది. తర్వాత మొలిచే పళ్లు ఇప్పుడు తాగే నీళ్లతోనే లోపల తయారవుతాయని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. నా భార్య వినలేదు.

"అలవాటు లేని నీళ్లు పోస్తే పిల్ల ఏడుస్తది."

"దానికింకా ఏ అలవాటూ లేదే!"

ఒక మధ్యాహ్నం నేనే నల్లా నీళ్ల గ్లాసు పాప నోటి దగ్గర పెట్టాను. చుక్క నాలుకకు తగలకముందే మూతి వంకర తిప్పి "థూ" అంది. అచ్చం నానమ్మే. నా భార్య, పక్కింటామె చప్పట్లు కొట్టి మురిసిపోయారు. అంత రోత నాకెన్నడూ పుట్టలేదు. రుచే చూడని నోటికి మా ఏవగింపు అప్పటికే అంటింది.

బోరు బిందె ఎత్తి మురుగు మోరీలో కుమ్మరించాను.

"నీళ్లేం పాపం చేసినయి?" అని అరిచింది నా భార్య.

"పిల్ల ముంగట గీ గ్లాసు తాగు. మూతి తిప్పకు."

"నాటకం ఆడుమంటవా?"

"ఆడు."

నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. గటగటా తాగింది. మెడ నరాలు ఉబ్బాయి కానీ మొహం కదలలేదు. ఆ మొహాన్నే రెప్ప వేయకుండా చూసిన పాప చేయి చాచింది. పోశాను. తాగింది. ఇంకా కావాలంది.

నా భార్య ఒళ్లు జలదరించింది.

"ఎట్ల తాగుతాందో, నా తల్లి!"