మూడోసారికి వినిపించే ప్రొఫెసరుగారు

ప్రొఫెసరుగారికి ఏ మాటైనా మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అంటారు. రెండోసారి "కాస్త నిదానంగా" అంటారు. మూడోసారికి తలాడిస్తారు. ఫ్యాను ఎందుకు తిరగడం లేదో చెప్పబోయిన ఎలక్ట్రీషియన్ గొంతు బొంగురుపోయి, ఫ్యాను బాగుచెయ్యకుండానే వెళ్లిపోయాడు.

ఆయన పరిశోధన ఒంటరి భాషల మీద. "మరే భాషతోనూ చుట్టరికం లేనివి. అక్క లేదు, చెల్లి లేదు, దూరపు మేనత్తయినా లేదు" అని పాఠం మొదలుపెట్టేవారు. పరాయి భాష చెవికెలా ఎక్కుతుందన్నది ఆయన రెండో ప్రశ్న. చెవులే పనిచెయ్యని మనిషికి ఈ ప్రశ్నెందుకని తోటి ప్రొఫెసర్లు మూతి ముడిచేవారు. వాళ్ల పుస్తకాలు ఎవరూ చదవలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయిది అలాంటి ఒంటరి భాషే. ఇక్కడి భాషలో పుస్తకాలు ఇట్టే చదివేసేది గాని, ఎవరైనా గబగబా మాట్లాడితే ఒక్క ముక్కా అందేది కాదు. మళ్ళీ చెప్పమనడానికి సిగ్గు. మాస్టారి చెవుడు పుణ్యమా అని నాలుగేళ్లు నెట్టుకొచ్చింది. ఆయనకి మూడోసారి చెప్పేసరికి ఆమెకీ అర్థమయ్యేది.

తోటివాళ్లు ఉపసంఘం వేసి, ఆరు సమావేశాలు జరిపి, ఆయనకో చెవి మిషను బహూకరించారు. ఆ సందర్భంగా చేసిన ఉపన్యాసాన్ని ఆయన మూడుసార్లు చేయించుకున్నారు. మిషను తీసి సొరుగులో పెట్టి, దాని పెట్టెలో గుండుసూదులు వేసుకున్నారు.

అమ్మాయి వైవా రోజు వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు రైలుబండిలా మాట్లాడే మనిషి. నోరు మెదపని విద్యార్థిని ఫెయిల్ చెయ్యడంలో పేరున్నవాడు. అరనిమిషం పొడవున్న ప్రశ్న వేశాడు. అందులో ఆమెకి దొరికింది "ఎందుకు" అన్న ముక్కొక్కటే. పరీక్షకుడు పెన్ను మూత తీశాడు.

ప్రొఫెసరుగారి చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది.

"ఆఁ? ఏమంటున్నారు?"

పరీక్షకుడు విసుగ్గా మళ్ళీ అడిగాడు.

"కాస్త నిదానంగా. పెద్దవాణ్ణి."

మూడోసారి పరీక్షకుడు ఒక్కో మాటా విడదీసి అరిచాడు. అరిచే ఓపిక లేక కుదిస్తే ప్రశ్న నాలుగు మాటలకొచ్చింది. అమ్మాయి ఇరవై నిమిషాలు ఆగకుండా జవాబు చెప్పింది. గొంతు పోయిన పరీక్షకుడి వల్ల మధ్యలో ఆపడం కాలేదు.

పాసయ్యిందన్నాక వరండాలోకి వచ్చారు. ఆ చివర గుమాస్తా పక్కవాడి చెవిలో "చెవిటి మాలోకం" అని గొణిగాడు.

"మాలోకం వరకూ ఒప్పుకుంటానయ్యా" అన్నారు ప్రొఫెసరుగారు, వెనక్కి తిరక్కుండానే.

గుమాస్తా నాలిక్కరుచుకున్నాడు. ఆయన గదిలోకి వెళ్లాక, "నాలుగేళ్ల కిందటి దాకా చీమ నడిచినా వినపడేదమ్మా ఈయనకి. పాపం, ఉన్నట్టుండి ఇలా అయిపోయారు" అని అమ్మాయితో అన్నాడు.

అమ్మాయి ఆయన దగ్గర చేరిందీ నాలుగేళ్ల కిందటే.

ఆయన గది గుమ్మం దాకా వెళ్లింది. ఆయన అటు తిరిగి పుస్తకాలు సర్దుకుంటున్నారు. తన భాషలో, తనకే వినపడనంత మెల్లగా, ఓ మంచి మాట చెప్పింది.

ఆయన అదే భాషలో ఏదో జవాబిచ్చారు. ఉచ్చారణ ఎంత ఘోరంగా ఉందంటే, పుట్టినప్పటినుంచీ ఆ భాష మాట్లాడుతున్న ఆమెకే అర్థం కాలేదు.

అమ్మాయి చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "ఆఁ?"

రెండోసారి చెప్పారు.

"కాస్త నిదానంగా, సార్."

మూడోసారికి అర్థమైంది. "నా చెవుల సంగతి ఎవరికీ చెప్పకు. వచ్చే నెల కొత్తమ్మాయి చేరుతోంది" అంటున్నారు.