నీలం జట్టు ఎర్రబడిన మధ్యాహ్నం

మా కోకోమ్ డ్రైవర్లు రాస్తుంది. నడపదండీ బాబూ, రాస్తుంది. కంప్యూటర్ చెప్పే బొమ్మ తెరకి అర్థం కావాలంటే మధ్యలో దుభాషి లాంటి ప్రోగ్రాం ఒకటి ఉండాలి. దాన్ని డ్రైవర్ అంటారు. బాండుంగ్‌లో మా చిన్న ఆఫీసులో అందరికీ ఇది తెలుసు. పైన పంగలెంగన్ తేయాకు కొండల్లో ఉన్న వాళ్ళ నాన్నకి ఎవరు చెప్తారు? అక్కడ డ్రైవరంటే మోటారుసైకిల్ మీద మనుషుల్ని దింపేవాడే. ఆ పెద్దాయన సారిప్‌ని అందరం అబాహ్, అంటే నాన్న, అంటాం. ఆయన "మా అమ్మాయి బాండుంగ్‌లో డ్రైవరు" అని ఊరంతా చెప్పుకున్నాడు. అప్పట్నుంచీ ఆవిడ పండక్కి వెళ్తే చాలు, ఇరుగుపొరుగు సంచులు పట్టుకుని గుమ్మం ముందు సిద్ధం, బజారు దాకా దింపమని.

మాకు నవ్వులాట గానీ ఆవిడకి మాత్రం లోపల గుచ్చుకునేది.

"ఎనుంగ్, ఇన్నేళ్ళుగా నేనేం చేస్తున్నానో మా నాన్న ఒక్క ముక్కలో చెప్పుకోలేకపోతే ఎందుకే ఈ చదువు?" అనేది నాతో.

"పోనీ ఒక బండి కొనుక్కో తేతే, గొడవ వదులుతుంది" అనేదాన్ని. మా దగ్గర అక్కని తేతే అంటాం. అక్క కాబట్టి నెత్తి మీద మొట్టికాయ కూడా పడేది.

పనిలో మాత్రం మహా చాదస్తం. సీ భాషలో రాస్తే ఏ యంత్రం మీదైనా నడుస్తుందని చాలామంది గుడ్డినమ్మకం. నడుస్తుంది, కానీ ఎలా నడుస్తుందన్నది వేరే సంగతి. కొన్ని యంత్రాలు అంకెని తల వైపు నుంచి దాచుకుంటాయి, కొన్ని తోక వైపు నుంచి. "మూడు రంగులూ కలిపి రాసిన అంకెని మూటలా యంత్రం ముందు పడేసి పోకూడదు. ఇది ఎరుపు, ఇది పచ్చ, ఇది నీలం అని విడదీసి దేనికది చేతిలో పెట్టాలి" అని రోజూ మాకు పాఠం. నా కోడ్ ఎన్నిసార్లు తిప్పికొట్టిందో. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా బాండుంగ్ జట్టుకీ జకార్తా జట్టుకీ ఫుట్‌బాల్ ఆట. మాది నీలం, వాళ్ళది ఎరుపు. ఆ రోజున ఎర్రచొక్కా తొడుక్కుని మా సందులో నడిచే ధైర్యం పెళ్ళికొడుక్కి కూడా ఉండదు. మా యజమాని కాంగ్ ఇయుస్ (కాంగ్ అంటే అన్న) సందులోనే పెద్ద తెర కట్టించాడు. పెళ్ళిపందిళ్ళు వేసే మాంగ్ ఓయోది ఆ తెర, ఎక్కడో పాతదిగా కొన్నది. దానికి మా ఆఫీసు కంప్యూటర్ పెట్టె తగిలించి, కోకోమ్ కొత్త డ్రైవర్ ఎక్కించారు. ఆవిడ కొండ మీదికి కబురుపెట్టి నాన్నని పిలిపించింది. "ఈ ఒక్కసారి వచ్చి కళ్ళారా చూడు అబాహ్. తెర మీద బొమ్మ నా చేతి మీదుగా వస్తుంది" అంది. ఆయన నీలం టోపీ పెట్టుకుని వచ్చి, ముందు వరసలో చాప మీద కూర్చున్నాడు.

బొమ్మ వచ్చింది. గడ్డి పచ్చగానే ఉంది. కానీ మా వాళ్ళ ఒంటి మీద ఎర్రచొక్కాలు, జకార్తా వాళ్ళ ఒంటి మీద నీలం. మొహాలన్నీ నేరేడుపళ్ళు తిన్న నాలుకల్లా ఉన్నాయి.

సందంతా గగ్గోలు. ఈలోగా ఒక నీలంచొక్కా బంతిని గోల్‌లోకి తన్నింది. పాపం గొంతులకేం తెలుసు? అలవాటు కొద్దీ అందరూ ఎగిరి అరిచారు. అబాహ్ అయితే పక్కాయన్ని కావలించుకున్నాడు కూడా. తర్వాత మెల్లగా వెలిగింది, ఆ గోల్ జకార్తాదని. ఎగిరినవాళ్ళు ఎగిరినచోటే చతికిలబడ్డారు.

కోకోమ్ పరుగున పెట్టె దగ్గరికి వెళ్ళింది. ల్యాప్‌టాప్ తెరిచింది. నేనూ తొంగిచూశాను. మాకు పొద్దస్తమానం నీతులు చెప్పే మనిషి తనే మూటని మూటలా పడేసింది. కంచే చేను మేసిందన్నమాట.

"పరీక్షించలేదా తేతే?"

"పరీక్షించానే. మా తేయాకు తోట ఫొటోలతో."

నాకు నవ్వాగలేదు. పచ్చరంగు మధ్యలో ఉంటుంది. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా మధ్యది మధ్యలోనే. కొండ పిల్లకి లోకమంతా పచ్చగానే కనబడితే తప్పెలా దొరుకుతుంది?

కాంగ్ ఇయుస్ పరిగెత్తుకొచ్చాడు. "ఎరుపూ నీలం పేర్లు తారుమారు చేసెయ్ తేతే, అరనిమిషం పని."

"ఈ తెరకి సరిపోతుంది కాంగ్. రేపు ఇంకో తెర మీద మళ్ళీ ఇదే గోల. సరిగ్గానే రాస్తాను, కాస్త ఓపిక పట్టండి."

అబాహ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏమైంది నెంగ్?" అన్నాడు. కూతుర్ని ముద్దుగా అలాగే పిలుస్తాడు.

"ఈ యంత్రం వెనక నుంచి చదువుతోంది అబాహ్. ఏది ఎరుపో ఏది నీలమో నేను చెప్పలేదు, దానికే తెలుస్తుందిలే అనుకున్నాను. తప్పు నాదే."

"అంటే నువ్వు చెప్తే గానీ దానికి నీలం తెలీదా?"

"తెలీదు."

ఆయన వెళ్ళి బజ్జీల పొట్లం ఒకటి తెచ్చాడు. ఆమె రాసినంతసేపూ పక్కనే కూర్చుని, బజ్జీలు ఒక్కొక్కటే తుంచి కూతురి నోట్లో పెట్టాడు.

రెండో సగం మొదలయ్యేసరికి రంగులు కుదిరాయి. మా వాళ్ళు నీలంలో మెరిసిపోతున్నారు. మెరిసి ఏం లాభం, బంతి మాత్రం గోల్‌లోకి పోదే. ఆట ముగియవస్తుండగా వెనక నుంచి మాంగ్ ఓయో అరిచాడు. "తేతే, మళ్ళీ పాతలాగే తిప్పెయ్. అప్పుడు నీలమే గెలుస్తుంది కదా."

సందంతా గొల్లున నవ్వింది. "తిప్పు, తిప్పు" అని పిల్లలూ ముసలాళ్ళూ అందుకున్నారు. కోకోమ్ కూడా నవ్వుతూ కీబోర్డు వైపు చెయ్యి చాపింది.

అబాహ్ లేచి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ జట్టు ఓడితే అన్నం మానేసే మనిషి.

"ఎవరూ ఏమీ తిప్పొద్దు. ఓడితే ఓడనీండి. మా అమ్మాయి పనేంటో తెలుసా మీకు? ఏ దేశపు యంత్రమైనా సరే, ఎటు నుంచి చదివినా సరే, నీలాన్ని నీలంగా చూపించడం."

ఓడిపోయాం. సందులో అందరూ కాళ్ళీడ్చుకుంటూ ఇళ్ళకి పోతుంటే, కోకోమ్ మాత్రం మాంగ్ ఓయో తెర విప్పి సర్దేదాకా అక్కడే నిలబడి, "ఎనుంగ్, మా నాన్న చెప్పింది విన్నావా, సరిగ్గా విన్నావా?" అని నన్ను చంపుకుతింది.