వాచీ చెప్పిన యాభై ఎనిమిది నిమిషాలు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో, లోకంలో అందరినీ రుజువు అడిగే హక్కు నాకుందనీ, నన్ను అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదనీ గట్టిగా నమ్మేదాన్ని. నూజివీడులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. సాయంత్రాలు విస్సన్నపేటో మైలవరమో, ఎక్కడ మైకు దొరికితే అక్కడ జాతకాల మీదా, వాస్తు మీదా, దిష్టి గుమ్మడికాయల మీదా విరుచుకుపడేదాన్ని. (ఒకసారి మైకు పాడైతే మైకు లేకుండానే విరుచుకుపడ్డాను. పెద్ద తేడా తెలియలేదన్నారు.) అలాంటి నేను జీతంలో మిగిల్చి ఒక పరుగు వాచీ కొన్నాను. చవకరకమే. కానీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టేది, ఎంత దూరం పరిగెత్తానో ఉపగ్రహాల్ని అడిగి చెప్పేది, అన్నిటికీ మించి, పది కిలోమీటర్ల పందెం ఎంతసేపట్లో ముగిస్తానో ముందే చెప్పేది.

రోడ్డు మీద ఆడపిల్ల పరిగెడితే పాల బళ్లవాళ్లు కూడా బండి నెమ్మది చేసి, "ఏమైందమ్మా, ఎవరన్నా తరుముతున్నారా?" అని అడిగేవాళ్లు. అందుకని నా సాధనంతా పెదనాన్న మామిడితోటలోనే సాగేది. పాతకాలపు చెట్లు, కొమ్మలు ఒకదాన్లోకొకటి చొచ్చుకుపోయి తలెత్తితే ఆకాశం కనపడదు. పొద్దున్నే ఒక వరస ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి, అలా ఆరుసార్లు. 'అయిదు కిలోమీటర్లు, ఇరవై ఎనిమిది నిమిషాలు' అని వాచీ మెచ్చుకునేది. రెండు నెలలు పోయాక, పది కిలోమీటర్లయితే యాభై ఎనిమిది నిమిషాలని తేల్చి చెప్పింది.

అప్పుడే ఇంట్లో నా పెళ్లి మాటలు నడుస్తున్నాయి. వరుడి దగ్గర పేచీ లేదు. నేనే చూసుకున్నవాడు, లెక్కల మాస్టారు, నెమ్మదస్తుడు. పేచీ అంతా ముహూర్తం దగ్గరే. అసలు ముహూర్తమే వద్దని నేను. పంతులుగారు చెప్పిన ఘడియ దాటితే ఒప్పుకోనని, మా నాన్న తరఫున కూడా తానే మాట్లాడే పెదనాన్న.

"జరగబోయేది కాగితం చూసి చెప్పడమేంటి పెదనాన్నా?"

"మరి నీ చేతికున్నది చెప్పట్లేదేంటి?"

"ఇది సైన్సు."

"పూత చూసి ఈ చెట్టుకిన్ని కాయలని నేనూ చెప్తానమ్మా. కాకపోతే 'గాలి తిరక్కపోతే' అని ఒక మాట కలుపుతాను. నీ వాచీ కలపదా?"

"దానికక్కర్లేదు. ఆదివారం ఊళ్లో పది కిలోమీటర్ల పరుగుంది. యాభై ఎనిమిదిలో రాకపోతే ముహూర్తం నీ ఇష్టం. పెళ్లయ్యేదాకా దాని గురించి నోరెత్తను, ఒట్టు!"

(ఒట్లు పెట్టుకోవడం మూఢనమ్మకమని వారం కిందటే నలభై నిమిషాలు మాట్లాడిన సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు.)

పరుగు హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద. అయిదు వెళ్లి అయిదు రావాలి. మొదటి కిలోమీటరు బోర్డు రావడానికి నేననుకున్నదానికన్నా యాభై సెకన్లు ఎక్కువ పట్టింది. బోర్డు తప్పు చోట పాతారనుకున్నాను. రెండోదీ తప్పే. మూడోది వచ్చేసరికి బోర్డులు పాతిన కుర్రాళ్లకు కొలతలు రావని తీర్మానించాను. నాలుగోదాని దగ్గర చూస్తే నా వాచీ కూడా బోర్డుల పక్షమే. అప్పుడు కూడా వాచీ చెప్పిన జోస్యాన్ని అనుమానించలేదు. ఆ పూట ఉపగ్రహాలే బాగాలేవనుకున్నాను. గంటా ఏడు నిమిషాలకు గీత దాటాను. అక్కడ స్కూటర్ మీద కూర్చుని పెదనాన్న.

"ఎండ ఎక్కువగా ఉంది," అన్నాను రొప్పుతూ.

"ఊఁ."

"రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు."

"ఊఁ."

"వాచీలో నా వయసు తప్పు కొట్టానేమో."

పెదనాన్న అప్పుడు నవ్వాడు. "మన పంతులూ ఇదే అంటాడమ్మా. చెప్పింది జరక్కపోతే పుట్టిన టైము తప్పు రాశారంటాడు."

ఎన్ని సభల్లో ఆ మాట మీద చప్పట్లు కొట్టించుకున్నానో! నాకు ఏడుపొచ్చింది. ఈలోగా మజ్జిగ సీసాతో మాస్టారు వచ్చాడు. పరుగు ముగించినవాళ్లందరికీ ఇచ్చే పతకం మెళ్లో వేసుకుని ఏడుస్తున్నానేమిటని అడిగితే, పందెం సంగతంతా చెప్పాల్సి వచ్చింది.

"పాచికల్లో పెళ్లాన్ని ఒడ్డిన రాజుగారిని మొన్న స్టేజీ మీద అరగంట ఉతికావు," అన్నాడు నెమ్మదిగా. "మరి నా పెళ్లి పందెం పెట్టేముందు నన్నో మాట అడగాలనిపించలేదా?"

అనిపించలేదు. ఆడదాని సమ్మతి గురించి అంత మాట్లాడినదాన్ని, మగవాడి సమ్మతి కూడా ఒకటుంటుందని మర్చిపోయాను. క్షమాపణ అడిగాను. మజ్జిగ మాత్రం ఇచ్చాడు. మాట్లాడటం మర్నాటి నుంచే.

ఆ మర్నాడే పెదనాన్న నన్ను తోటలోకి తీసుకెళ్లాడు. "చెట్టుకీ చెట్టుకీ ముప్పై అడుగులు. నేనే తాడు పట్టి నాటించాను. వరసకి నలభై చెట్లు. లెక్కెయ్." నలభై చెట్ల మధ్య ఖాళీలు ముప్పై తొమ్మిదేనని నేను సవరించాను. (దాంతో నా దూరం ఇంకాస్త తగ్గింది.) ఆరుసార్లు పోయి వస్తే నాలుగుంపావు కిలోమీటర్లు. అంతే! కొమ్మల కింద ఉపగ్రహాలకు సరిగ్గా దొరక్క, వాచీ నన్ను చెట్టుచెట్టుకీ వంకర్లు తిప్పి, పరిగెత్తని దూరాన్ని కూడా నా పేర రాసేసింది. ఆ తప్పు దూరంతోనే జోస్యం లెక్కకట్టింది. దాన్నని లాభం లేదు. ఆ దూరం ఎలా వచ్చిందని ఒక్కసారీ అడగనిది నేను. రెండు నెలల భక్తిని పంచాంగం నమ్మే మనిషి ఒక్క తాటి కొలతతో కూల్చేశాడు.

వారం తిరక్కుండా పంతులుగారు మా వరండాలో కూర్చున్నారు. పంచాంగం ఇంకా సంచిలోనే ఉంది.

"కోతలెప్పటికి అవుతాయండీ?"

"మే నెలాఖరుకి," అన్నాడు పెదనాన్న. "ఆ తర్వాతయితే కూలీలూ ఖాళీ, లారీలూ ఖాళీ."

"రసాల కోత కూడానా?"

"అన్నీనండి."

అప్పుడు పంచాంగం తీసి, నాలుగు పేజీలు తిప్పి, "జూన్ ఎనిమిది, ఉదయం తొమ్మిది నలభై. దివ్యంగా ఉందండీ!" అన్నారు.

గ్రహాలు మామిడి కోతల కోసం కాచుకుని కూర్చున్న ఆ దృశ్యం నా కళ్లముందే జరిగింది. నా జీవితంలో దొరికిన అతి గొప్ప వాదం నాలుక చివరి దాకా వచ్చింది. "ఏమ్మా, ఏమన్నా అంటావా?" అన్నాడు పెదనాన్న. "ఏం లేదు పెదనాన్నా," అన్నాను. పక్కన మాస్టారు పందిరి గుంజను శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు, నవ్వు ఆపుకోవడానికి.

తొమ్మిది నలభైకే పెళ్లయింది, నోరెత్తలేదు. (పది గంటలకు ఎత్తాను. పంతులుగారు అప్పటికే భోజనానికి లేచారు.) ఇప్పటికీ ముహూర్తాల మీద అలాగే విరుచుకుపడతాను, కానీ ముందు నా చేతికి ఏముందో ఒకసారి చూసుకుని. ఇప్పుడు రోడ్డు మీదే పరిగెడుతున్నాను. పాల బళ్లు అలవాటుపడ్డాయి. మోకాళ్లు మాత్రం పడలేదు. ఆ రోజు గీత దగ్గర వెక్కివెక్కి ఏడ్చిన ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ముచ్చటేస్తుంది. గంటా ఏడు నిమిషాలట! ఇప్పుడు ఆ టైములో ఒక్కసారి వస్తే ఊరంతా రసాలు పంచుతాను.