కుడి భుజం మీది జంధ్యం

నా చిన్నప్పుడు జంధ్యాల పున్నమి నాడు తాండూరులో మా వీధి మగవాళ్లంతా కాగ్నా నది ఒడ్డుకు వెళ్లి, కొత్త జంధ్యం వేసుకుని పాతది తీసేసేవారు. ఆ ఏడే నాకు ఒడుగైంది. మూడు పోగుల దారం పడేసరికి పెద్ద మొనగాడిననుకుంటూ మా తాతయ్య వెంట బయలుదేరాను. నాన్న రాలేదు. పచ్చకామెర్లతో నెల రోజులుగా మంచంలో ఉన్నాడు.

జంధ్యం ఎప్పుడూ ఎడమ భుజం మీదే ఉండాలి. పోయినవాళ్లకు నీళ్లు వదిలేటప్పుడే కుడి భుజం మీదికి మార్చుకుంటారు. నాకది తెలియదు. తాతయ్య వాళ్ల నాన్నకు తర్పణం వదులుతుంటే చూసి, నేనూ మార్చుకుని దోసిట్లో నీళ్లు పట్టాను. పక్కింటి పెద్దాయన నా చెంప ఛెళ్లుమనిపించాడు.

"మీ నాయన బతికుండంగనే నీళ్లిడుస్తవారా?"

తాతయ్య నా జంధ్యం సరిచేశాడు.

ఐదో నాడు నాన్న పోయాడు.

నేనే చంపాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మ ముఖం చూడాలంటే భయమేసేది. శ్మశానంలో వాన. కర్మ చేయించే అయ్యగారు జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకోమన్నారు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. మళ్లీ మారిస్తే ఈసారి అమ్మ పోతుందని నా భయం. ఎవరో నా వేళ్లు విడదీయబోయారు. అవతల కట్టెలు తడిసిపోతున్నాయి.

తాతయ్య అందర్నీ ఆపి, బురదలోనే నా ఎదుట కూర్చున్నాడు. ఏమైందని అడిగితే ఏడుస్తూ అంతా చెప్పేశాను. నిష్ఠకు ఆయన మా వీధిలో పెట్టింది పేరు. సంధ్య వార్చనిదే మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు.

"గీ దారానికి మనిషిని చంపే బలముంటే, బతికిచ్చే బలం గూడ ఉండాలె గదరా," అన్నాడు. "యాభై ఏండ్లు ఒక్క పూట తప్పకుండ జపం జేసిన. గీ నెల దినాలైతే దీన్ని పట్టుకొని ఏడ్సిన. నా కొడుకు నిలిచిండా? దీంట్ల ఏం లేదు బిడ్డా, ఉత్త నూలు. ఎవరి కోసం నిలబడ్డమో యాదికుండాలని ఆ పక్క, ఈ పక్క మార్చుకుంటం, గంతే. నీ తప్పేం లేదు."

అయ్యగారు తల దించుకున్నారు. తాతయ్య చేయి పడగానే నా వేళ్లు వదులయ్యాయి. ఆయనే నా జంధ్యం మార్చాడు. నాన్న చితికి నిప్పు పెట్టాను.

ఆ తర్వాత తాతయ్య సంధ్య వార్చడం నేను చూడలేదు. నా కోసం ఆ మాట అన్నాడో, నిజంగానే అలా అనుకున్నాడో ఆయనను అడగలేకపోయాను. ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఏటా కాగ్నా ఒడ్డున జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకునేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. నాన్నకు వదిలే నీళ్లకు ఏడుపు రాదు. తాతయ్య పేరు చెప్పేటప్పుడే వస్తుంది. నా మీది నేరం తీసెయ్యడానికి, కొడుకు శవం ముందు కూర్చుని, ఆయన తన దేవుణ్ణి కూడా వదులుకున్నాడు.